ఇంగ్లిష్ పర్ఫెక్ట్ టెన్స్‌లో విశేషణాలు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ వ్యాకరణం బోధించే నా ముందుకు ఏటా అవే పొరపాట్లు వస్తుంటాయి. వాటిలో చాలా భాగం విద్యార్థికి సూత్రం తెలియక వచ్చినవి కావు. సూత్రాన్ని క్రియలతో మాత్రమే నేర్పి, విశేషణం ఎదురైనప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చినవి. "హ్యావ్, హ్యాజ్ తరువాత వి-త్రీ రావాలి" అని, అంటే క్రియ మూడో రూపం రావాలని, పర్ఫెక్ట్ టెన్స్‌కు మనం వల్లె వేయించే పాఠం "ఈట్, ఏట్, ఈటెన్" దగ్గర చక్కగా పనిచేస్తుంది. "ఇల్", "బిజీ", "హ్యాపీ" వంటి మాటలకు వి-త్రీ అనేదే లేదు కనుక అక్కడికి వచ్చేసరికి విద్యార్థి తనకు తోచింది రాస్తాడు.

అపోహ: "హ్యావ్" తరువాత విశేషణాన్ని నేరుగా పెట్టవచ్చు.

వాస్తవం: "ఐ హ్యావ్ టైర్డ్", "షి హ్యాజ్ ఇల్" అనేవి వాక్యాలు కావు. తెలుగులో "ఆమె మంచిది", "ఆ ఇల్లు పెద్దది" అంటే క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది. ఇంగ్లిష్‌లో విశేషణం తనంతట తాను కాలాన్ని సూచించలేదు కాబట్టి ఆ పని చేయడానికి "బి" అనే క్రియ (యామ్, ఈజ్, ఆర్, వాజ్ దాని రూపాలే) తప్పనిసరిగా పక్కన ఉండాలి. పర్ఫెక్ట్ టెన్స్‌లో వి-త్రీగా, అంటే "బీన్"గా, మారేది ఆ "బి" క్రియే తప్ప విశేషణం కాదు. అందువల్ల "షి ఈజ్ ఇల్" అన్నది "షి హ్యాజ్ బీన్ ఇల్" అవుతుంది, "ఇల్" అనే మాట ఉన్నచోట ఉన్నట్టే ఉంటుంది.

ఈ తప్పుకు మరో మూలం కూడా ఉంది. "షి హ్యాజ్ ఎ ఫీవర్" అనే వాక్యం సరైనదే కనుక "షి హ్యాజ్ ఇల్" కూడా సరైనదేనని విద్యార్థి ఊహిస్తాడు. జ్వరం నామవాచకం, దాని ముందున్న "హ్యాజ్" సహాయక క్రియ కాదు, అదే అసలు క్రియ. దానిని పర్ఫెక్ట్‌లోకి మార్చితే "షి హ్యాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ మండే" అవుతుంది. "హ్యాజ్ హ్యాడ్" అని వరుసగా రెండుసార్లు రాయడానికి చాలామంది జంకుతారు కానీ అందులో దోషమేమీ లేదు.

అపోహ: "సోమవారం నుంచి" అన్నప్పుడు "ఈజ్" సరిపోతుంది.

వాస్తవం: సెలవు చీటీలలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే వాక్యం "ఐ యామ్ సిక్ సిన్స్ త్రీ డేస్". దీనిని రాసినవారు తెలివితక్కువవారు కారు, మనసులో ఉన్న "మూడు రోజుల నుంచి ఒంట్లో బాగాలేదు" అనే తెలుగు వాక్యాన్ని నమ్మకంగా ఇంగ్లిష్‌లో పెట్టారు. "బాగాలేదు" అన్నది ఇప్పటి స్థితిని చెబుతుంది. "నుంచి" అన్నది ఆ స్థితి ఎప్పుడు మొదలైందో చెబుతుంది. తెలుగుకు అంతకన్నా అవసరం లేదు. హిందీ, ఫ్రెంచ్, జర్మన్ భాషలు కూడా ఇలాంటి సందర్భంలో వర్తమాన కాలాన్నే వాడతాయి కాబట్టి ఈ పొరపాటు తెలుగువారికి మాత్రమే ప్రత్యేకమైనది కాదు. ఇంగ్లిష్ మాత్రం మొదలైన క్షణం నుంచి ఇప్పటిదాకా ఉన్న నిడివినంతా క్రియలోనే చూపమంటుంది. దానికే "హ్యావ్ బీన్" అవసరం.

ఆ చీటీలో రెండో తప్పు "సిన్స్". మన "నుంచి" అనే ఒక్క మాట ఇంగ్లిష్‌లో రెండుగా చీలుతుంది. సోమవారం, తొమ్మిది గంటలు, 2019 వంటి ఆరంభ బిందువుకు "సిన్స్" వస్తుంది. మూడు రోజులు, పదేళ్ళు వంటి నిడివికి "ఫర్" వస్తుంది. కనుక సరైన వాక్యం "ఐ హ్యావ్ బీన్ సిక్ ఫర్ త్రీ డేస్". విద్యార్థులు "యామ్"ను సరిదిద్దుకొని "సిన్స్"ను వదిలేయడం, లేదా "సిన్స్"ను సరిదిద్దుకొని "యామ్"ను వదిలేయడం నేను తరచుగా చూస్తుంటాను. అందుకే ఈ రెండింటినీ ఒకే రోజు ఒకే పాఠంగా చెప్పడం మేలని నా అభిప్రాయం.

అపోహ: పర్ఫెక్ట్ అంటే పూర్తయిన పని.

వాస్తవం: లాటిన్‌లో ఆ మాటకు "పూర్తి చేయబడినది" అని అర్థం ఉన్న మాట నిజమే కానీ, విశేషణాలతో వచ్చినప్పుడు ఈ పేరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. "హి హ్యాజ్ బీన్ ఇల్ సిన్స్ మండే" అంటే అతనికి ఇంకా నయం కాలేదని అర్థం. ఇక్కడ పూర్తయినది ఏదీ లేదు. అదే మాటను "సిన్స్" లేకుండా, వారం తరువాత ఆఫీసుకు వచ్చిన మనిషి "ఐ హ్యావ్ బీన్ ఇల్" అని చెబితే, ఇన్నాళ్ళూ బాగాలేక రాలేకపోయానని, ఇప్పుడు కోలుకున్నానని వినేవారికి అర్థమవుతుంది. ఏ అర్థమో తేల్చేది సందర్భమూ కాలసూచకమూ కలిసి. అయితే "యెస్టర్‌డే", "లాస్ట్ వీక్" వంటి గడిచిపోయిన కాలాన్ని చెప్పే మాట చేరితే పర్ఫెక్ట్‌కు అక్కడ చోటు లేదు, "వాజ్ ఇల్ యెస్టర్‌డే" అని మాత్రమే రాయాలి.

అపోహ: "హ్యాజ్ బీన్" కనిపిస్తే అది పాసివ్ వాయిస్ (కర్మణి ప్రయోగం).

వాస్తవం: పోటీ పరీక్షలకు చదివేవారిలో ఈ అపోహ బలంగా పాతుకుపోయింది. ఒక దుకాణాన్ని తీసుకుందాం. "ద షాప్ హ్యాజ్ బీన్ ఓపెన్ సిన్స్ నైన్" అంటే తొమ్మిది నుంచి దుకాణం తెరిచి ఉందని అర్థం. ఇందులో "ఓపెన్" విశేషణం. "ద షాప్ హ్యాజ్ బీన్ ఓపెన్డ్" అంటే ఎవరో దాన్ని తెరిచారని అర్థం, ఇదే పాసివ్. మాట చివర ఒక్క "డ్" చేరడంతో స్థితి కాస్తా చర్యగా మారింది. "తెరిచి ఉంది", "తెరిచారు" అని తెలుగులో మనం తడుముకోకుండా చెప్పే తేడా ఇదే.

చిక్కంతా "క్లోజ్డ్" దగ్గర వస్తుంది, ఎందుకంటే దానికి విశేషణ రూపమూ వి-త్రీ రూపమూ ఒకటే. "ద గేట్ హ్యాజ్ బీన్ క్లోజ్డ్" అన్న వాక్యానికి "గేటు మూసేశారు" అనీ, "గేటు మూసే ఉంది" అనీ రెండు అర్థాలూ కుదురుతాయి. "బై ద వాచ్‌మన్" అని చేర్చితే చర్య స్పష్టమవుతుంది, "ఫర్ టూ వీక్స్" అని చేర్చితే స్థితి వైపు మొగ్గుతుంది. ఏదీ చేర్చనప్పుడు ఒక్క సమాధానమే సరైనదని పట్టుబట్టే ప్రశ్నను విద్యార్థులకు ఇవ్వకూడదు.

ఈ రూపాలు కలిసిపోవడం వెనుక చరిత్ర ఉంది. ప్రాచీన ఇంగ్లిష్‌లో "హ్యావ్"తో వచ్చే వి-త్రీ నిజానికి విశేషణమే. "నేను చేపను పట్టాను" అనే అర్థానికి మూలం "పట్టిన చేప నా దగ్గర ఉంది" అనే తీరు వాక్యం. అందులో "పట్టిన" అనే మాట చేపకు తగినట్టు విభక్తి ప్రత్యయాన్ని కూడా తీసుకోగలిగేది. కాలక్రమంలో ఆ ప్రత్యయం రాలిపోయి, విశేషణం క్రియలో కలిసిపోయి, నేటి పర్ఫెక్ట్ టెన్స్ ఏర్పడింది. "రాలిన ఆకులు", "విరిగిన కుర్చీ" అని క్రియనే విశేషణంగా నిత్యం వాడే మనకు ఈ సంగతి కొత్తగా అనిపించనక్కరలేదు.

అపోహ: "బీన్" తరువాత "ఇంగ్" ఉంటే అది కంటిన్యువస్ (పని సాగుతూ ఉందని చెప్పే రూపం).

వాస్తవం: "ఇట్ హ్యాజ్ బీన్ రెయినింగ్" కంటిన్యువస్, "ద క్లాస్ హ్యాజ్ బీన్ ఇంటరెస్టింగ్" కాదు. "ఇంగ్" ముందు "వెరీ" పెట్టి చూడండి. "వెరీ ఇంటరెస్టింగ్" నిలుస్తుంది, "వెరీ రెయినింగ్" నిలవదు. నిలిచినది విశేషణం.

అపోహ: "హ్యాజ్ బీన్", "హ్యాజ్ బికమ్" రెండూ ఒకటే.

వాస్తవం: ఇక్కడ మాత్రం మన తెలుగు మనకు అడ్డు కాదు, అండ. "ఉదయం నుంచి కళ్ళు ఎర్రగా ఉన్నాయి" అనే వాక్యానికీ "కళ్ళు ఎర్రబడ్డాయి" అనే వాక్యానికీ తేడా తెలియని తెలుగువారు ఉండరు. మొదటిది స్థితి, రెండోది మార్పు. "-గా ఉండు" అన్నచోట "హ్యావ్ బీన్ రెడ్" అనీ, "-బడు" లేదా "అయిపోవు" అన్నచోట "హ్యావ్ టర్న్డ్ రెడ్" అనీ రాయాలి. మార్పును చెప్పే క్రియలు ఇంగ్లిష్‌లో విశేషణాన్ని బట్టి మారుతుంటాయి: జుట్టు తెల్లబడితే "హ్యాజ్ గాన్ గ్రే", పాలు పులిస్తే "హ్యావ్" కాదు "హ్యాజ్ టర్న్డ్ సోర్", ఎందుకంటే ఇంగ్లిష్‌లో పాలు ఏకవచనం. మార్పు ఒక్కసారిగా జరిగేది కనుక దానికి నిడివి అతకదు. "హ్యాజ్ బికమ్ ఇల్ ఫర్ త్రీ డేస్" అని రాయకూడదు.

అపోహ: "హి ఈజ్ గాన్" తప్పు, "హి హ్యాజ్ గాన్" మాత్రమే ఒప్పు.

వాస్తవం: రెండూ ఒప్పే. మొదటిదానిలో "గాన్" విశేషణం. మనిషి ఇక్కడ లేడన్న స్థితిని అది చెబుతుంది. రెండోది వెళ్ళిన పనిని చెబుతుంది. ఒకప్పుడు వెళ్ళడం, రావడం, లేవడం వంటి క్రియలకు ఇంగ్లిష్‌లో "బి"తోనే పర్ఫెక్ట్ కట్టేవారు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్‌లో "హి ఈజ్ రిసెన్" అని ఉండటం అందుకే. "ఐ యామ్ డన్", "ఐ యామ్ ఫినిష్డ్" అన్నప్పుడు కూడా "డన్", "ఫినిష్డ్" అనేవి "గాన్" లాగే స్థితిని చెప్పే విశేషణాలు.

"హ్యాడ్ బీన్" గురించి ఒక్క మాట చాలు. అది చాలా పాత సంగతిని చెప్పే రూపం కాదు. గతంలోని ఒక క్షణానికి ముందు నుంచి ఉన్న స్థితిని చెప్పే రూపం. "నేను చూడబోయేసరికి ఆయన రెండు నెలలుగా మంచాన ఉన్నారు" అనే సందర్భంలో "హ్యాడ్ బీన్ ఇల్ ఫర్ టూ మంత్స్" అని వస్తుంది. చూడబోయింది నిన్ననే అయినా సరే.

అపోహ: "మాకు పెళ్ళయి పదేళ్ళయింది" అంటే "వి హ్యావ్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్".

వాస్తవం: పెళ్ళి ఒక్క పూటలో జరిగేది, పదేళ్ళుగా సాగుతున్నది దాంపత్యం. ఆ సాగుతున్న స్థితికి "మ్యారీడ్" అనే విశేషణం ఉంది కనుక "వి హ్యావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్" అనాలి. సంఘటననే చెప్పదలిస్తే "వి గాట్ మ్యారీడ్ టెన్ ఇయర్స్ అగో" అనాలి. మన "అయి పదేళ్ళయింది" అనే వాక్యానికి తీరులో అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది "ఇట్ హ్యాజ్ బీన్ టెన్ ఇయర్స్ సిన్స్ వి గాట్ మ్యారీడ్". ఇందులో "టెన్ ఇయర్స్" ముందు "ఫర్" రాదు, "సిన్స్" తరువాత పెళ్ళి జరిగిన సంఘటన వస్తుంది.