ఇంట్లో గిటార్ డిలే పెడల్: అపోహలు - వాస్తవాలు

గిటార్ పెడల్స్, అంటే కాలితో నొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెలు, తయారుచేయడం, బాగుచేయడం నా పని. డిలే పెడల్ వాయించిన నోటును కాసేపాగి మళ్లీ మళ్లీ వినిపిస్తుంది; అలా తిరిగొచ్చే నోట్లను రిపీట్లు అంటాం. చర్చి బ్యాండ్లలో వాయించే కుర్రాళ్లు, కాలేజీ బ్యాండ్ల వాళ్లు సొంతంగా డిలే చేయబోయి, మధ్యలో ఆగిపోయిన బోర్డుల్ని డబ్బాలో వేసుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాటిలో దాదాపు అన్నింట్లో ఉండేది ఒకటే చిప్: పీటీ2399. తైవాన్ కంపెనీ ప్రిన్స్‌టన్ టెక్నాలజీ కరోకే మైకులకు ఎకో ఇవ్వడం కోసం చేసిన పదహారు కాళ్ల ఐసీ ఇది. మన మైక్ సెట్ ఆంప్లిఫయర్లలో వేసే ఎకో బోర్డుల్లోనూ చాలాచోట్ల కనిపించేది ఇదే. మంచి చిప్, చవకైన చిప్. దాని స్వభావం తెలియకపోవడం వల్లే చాలామంది డబ్బులూ ఓపికా పోగొట్టుకుంటున్నారు. నేను రోజూ వినే మాటలు, వాటి వెనక ఉన్న అసలు సంగతులు రాస్తున్నాను.

అపోహ: పీటీ2399తో చేసింది అనలాగ్ డిలే.

కాదు, డిజిటలే. గిటార్ సిగ్నల్ లోపలికి వెళ్లగానే బిట్లుగా మారుతుంది. 44 కిలోబిట్ల మెమరీలో కాసేపు ఉండి, మళ్లీ శబ్దంగా మారి బయటికొస్తుంది. చిప్ చుట్టూ వేసే ఫిల్టర్లు పదునైన పై శబ్దాలను కోసేస్తాయి. అందుకే రిపీట్లు మెత్తగా, కాస్త మసకగా వినిపిస్తాయి. ఆ మెత్తదనం విని అనలాగ్ అనుకుంటాం.

అసలు అనలాగ్ డిలే చిప్ వేరే ఉంది. దాన్ని బకెట్ బ్రిగేడ్ అంటారు. ఫిలిప్స్ ప్రయోగశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు 1969లో దీన్ని రూపొందించారు. స్లాబ్ వేసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టల్ని చేతులు మార్చుకుంటారు కదా, సరిగ్గా అదే పని. ఒక చిన్న కండెన్సర్ తన చార్జిని పక్కదానికి అందిస్తుంది, అది ఆ పక్కదానికి. 1981లో వచ్చిన బాస్ కంపెనీ డీఎం-2 పెడల్‌లోని ఎంఎన్3005 చిప్‌లో ఇలాంటి మెట్లు 4096 ఉంటాయి. అయితే తట్టలు అందించడానికి తాళం కావాలి, అంటే క్లాక్ కావాలి. కాబట్టి అనలాగ్ డిలే శబ్దాన్ని ముక్కలు చేయదన్న మాట కూడా తప్పే. ముక్కలు చేస్తుంది, వాటిని అంకెలుగా మార్చదు, అంతే తేడా. పాత ఎంఎన్3005 కావాలని వేలకు వేలు పోసి నకిలీ చిప్ తెచ్చుకున్నవాళ్లను చూశాను. మొదటి పెడల్‌కు ఆ ఖర్చు అక్కర్లేదు.

అపోహ: పెద్ద పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) వేస్తే ఎంత పొడవు డిలే కావాలంటే అంత వస్తుంది.

అన్నింటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. చిప్‌లోని మెమరీ పెరగదు, తరగదు. రెండొందల పేజీల పుస్తకంలో నెల రోజుల డైరీ రాస్తే రోజుకు ఆరేడు పేజీలు దక్కుతాయి. అదే పుస్తకంలో ఏడాది డైరీ రాయాలంటే రోజుకు అర పేజీతో సరిపెట్టుకోవాలి. టైమ్ నాబ్ చేసేది కూడా ఇదే. 6వ కాలుకీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ పెంచితే క్లాక్ నెమ్మదిస్తుంది. అదే మెమరీలో ఎక్కువ సేపటి శబ్దాన్ని కుక్కాలి కాబట్టి ప్రతి క్షణానికీ దక్కే బిట్లు తగ్గిపోతాయి.

తయారీదారు డేటాషీట్‌లోనే లెక్క ఉంది. అర ఓమ్ దగ్గర, అంటే దాదాపు సున్నా దగ్గర, డిలే సుమారు 31 మిల్లీసెకన్లు, డిస్టార్షన్ (శబ్దం చెడే పాళ్లు) 0.13 శాతం. 27.6 కిలో ఓమ్స్ దగ్గర 342 మిల్లీసెకన్లు, డిస్టార్షన్ 1 శాతం. 50కె (50 కిలో ఓమ్స్) పాట్ పూర్తిగా తిప్పితే 600 దాకా పోతుంది. అక్కడ గిటార్‌లో అన్నింటికంటే లావుగా ఉండే E తీగను ఒక్కసారి మీటి చెవి పెట్టి వినండి. అసలు నోటు శుభ్రంగా ఉంటుంది. దాని వెనకాల వచ్చే రిపీట్‌లో మాత్రం ఇసుక రాలుతున్నట్టు సన్నటి గరగర ఉంటుంది. నోటు అణిగేకొద్దీ ఆ గరగరే మిగులుతుంది. 100కె పాట్ వేసి సెకను పైన లాగితే వినిపించేది దాదాపు ఆ ఇసుకే.

నిజంగా ఎంత టైమ్ కావాలో ముందు లెక్కేసుకోండి. 120 టెంపోలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. ఆరాధన పాటల్లో ఎక్కువగా అడిగే డాటెడ్ ఎయిత్ అందులో ముప్పావు, అంటే 375. దానికి 30 కిలో ఓమ్స్ చాలు. ఇంకా పొడవు కావాలంటే రెండు చిప్‌లను ఒకదాని వెనక ఒకటి పెట్టి, చెరో 300 పంచండి. నేను అలాగే చేస్తాను.

అపోహ: రిపీట్ రావడం లేదంటే చిప్ కాలిపోయింది.

ఈ అపోహకు నేనే మూడు చిప్‌లు బలిచ్చాను. నా రెండో పెడల్ అది. రాత్రి చక్కగా పనిచేసింది, పొద్దున ఆన్ చేస్తే రిపీట్ లేదు. చిప్ మార్చాను, వచ్చింది. మధ్యాహ్నం మళ్లీ పోయింది. మూడోసారి మార్చేటప్పుడు గమనించాను: పోయిన ప్రతిసారీ టైమ్ నాబ్ పూర్తిగా ఎడమకు ఉంది. తీసేసిన చిప్‌లను నాబ్ మధ్యలో పెట్టి మళ్లీ బిగించి చూస్తే మూడూ బతికే ఉన్నాయి!

కరెంటు ఇచ్చిన మొదటి అర సెకనులో 6వ కాలు దగ్గర రెసిస్టెన్స్ మరీ తక్కువగా ఉంటే ఈ చిప్ బిగుసుకుపోతుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే తప్ప కదలదు. పాట్‌కు సిరీస్‌లో ఒక 2.2కె రెసిస్టర్ వేయండి, సరిపోతుంది. అప్పుడు అతి తక్కువ డిలే 55 మిల్లీసెకన్ల దగ్గర ఆగుతుంది, స్లాప్‌బ్యాక్‌కు (నోటు వెనకే వచ్చే పొట్టి రిపీట్‌కు) అది చాలు. ఇంకో మాట, చిప్‌ను నేరుగా సోల్డర్ చేయకండి. పదహారు కాళ్ల ఐసీ బేస్ వేయండి. ఆ రోజు బేస్ ఉండబట్టే నాకు అసలు సంగతి తెలిసింది.

అపోహ: ఖరీదైన కండెన్సర్లు వేస్తే కీచు శబ్దం పోతుంది.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు కండెన్సర్లతోనే నిశ్శబ్దమైన పెడల్ వస్తుంది. తేడా వచ్చేది అవి ఎక్కడ కూర్చున్నాయన్న దాన్లో. 1వ కాలు సరఫరా, అక్కడ 100 మైక్రోఫారడ్‌తో పాటు ఒక 0.1 ఉండాలి, కాలును ఆనుకుని ఉండాలి. 2వ కాలు దగ్గర 47 మైక్రోఫారడ్. డాట్ బోర్డు మీద చోటు లేదని రెండంగుళాల వైరుతో లాగారంటే క్లాక్ కీచు ఆ వైరు పట్టుకునే వస్తుంది. 3, 4 కాళ్లు రెండూ గ్రౌండే. వాటిని ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్ వైరు మీదుగా తిప్పకుండా, పవర్ జాక్ దగ్గర అన్నీ ఒకేచోట కలిసేలా చూడండి. నా దగ్గరికొచ్చిన కీచు బోర్డుల్లో చాలావాటికి నేను ఒక్క పార్టూ మార్చలేదు, గ్రౌండ్ వైర్లు మాత్రం తిరగవేశాను.

అపోహ: మైక్ ఎకో బోర్డుకు గిటార్ జాక్ తగిలిస్తే పెడల్ అయిపోతుంది.

శబ్దం వస్తుంది, కానీ గిటార్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. గిటార్ పికప్ (తీగల కింద ఉండే కాయిల్) సన్నటి సిగ్నల్ ఇస్తుంది, దానికి ఎదురుగా ఒక మెగా ఓమ్ దాకా ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఉండాలి. మైకుల కోసం చేసిన బోర్డు అంతకంటే చాలా తక్కువ చూపించి ట్రెబుల్‌ను మింగేస్తుంది. ముందు టీఎల్072 అనే ఆంప్లిఫయర్ ఐసీతో ఒక బఫర్ కట్టండి, అంటే గిటార్ సిగ్నల్‌ను బలహీనపడకుండా బోర్డుకు అందించే చిన్న సర్క్యూట్.

అపోహ: 9 వోల్టుల అడాప్టర్ ఏదైనా ఒకటే.

చిప్‌కు కావాల్సింది 5 వోల్టులు, అందుకే 9ని 5కు తగ్గించే 78ఎల్05 రెగ్యులేటర్ తప్పనిసరి. అంతకంటే ముఖ్యం పిన్ ధ్రువం. గిటార్ పెడల్స్‌లో సాధారణంగా మధ్య పిన్ నెగటివ్. ఇంట్లో పడి ఉండే రౌటర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లలో మామూలుగా మధ్య పిన్ పాజిటివ్. తిరగేసి పెడితే రెగ్యులేటర్ క్షణంలో పోతుంది. పవర్ దారిలో ఒక 1ఎన్5817 డయోడ్ వేస్తే ఆ బాధ ఉండదు.

అపోహ: రిపీట్ నాబ్ పూర్తిగా పెంచి కూత పెట్టిస్తే పెడల్ పాడవుతుంది.

పెడల్‌కు ఏమీ కాదు. చెవులకూ స్పీకర్‌కూ అవుతుంది, వాల్యూమ్ మీద చెయ్యి ఉంచండి.

అపోహ: ట్రూ బైపాస్ అయితేనే మంచి పెడల్.

ట్రూ బైపాస్ అంటే స్విచ్ నొక్కగానే గిటార్ సిగ్నల్ పెడల్ సర్క్యూట్‌ను పూర్తిగా వదిలేసి నేరుగా బయటికి పోవడం. డిస్టార్షన్ పెడల్‌కైతే నేనూ ఒప్పుకుంటాను. డిలేకు మాత్రం ఒప్పుకోను. పాట చివర్లో నోటు వాయించి, కాలితో స్విచ్ నొక్కారనుకోండి. ట్రూ బైపాస్‌లో రిపీట్లు కత్తితో నరికినట్టు ఆగిపోతాయి, వింటున్నవాళ్లకు కూడా ఆ తెగడం తెలుస్తుంది. స్విచ్‌ను బఫర్‌కూ చిప్ ఇన్‌పుట్‌కూ మధ్య పెట్టి, అవుట్‌పుట్‌ను ఎప్పుడూ కలిపే ఉంచండి. అప్పుడు స్విచ్ నొక్కితే కొత్త నోట్లు డిలేలోకి వెళ్లవు, లోపల ఉన్నవి మాత్రం ఒక్కొక్కటిగా అణుగుతూ వాటంతట అవే ఆగుతాయి.