కషాయం కాచుకుంటే నేరమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

సేంద్రియ తోటపని నేర్పుతుంటాను. ఈమధ్య నన్ను పురుగుల గురించి అడిగేవాళ్లకన్నా, "మొక్కలకు కొట్టే వేప కషాయం కూడా నిషేధించారటగా?" అని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువయ్యారు.

అపోహ: సొంత మొక్కలకు ఇంట్లో కాచిన కషాయం కొట్టినా చట్టరీత్యా తప్పే.

వాస్తవం: ఇది దేశాన్ని బట్టి మారుతుంది. సాధారణంగా చట్టం కన్ను అమ్మకం మీద ఉంటుంది. అదే కషాయాన్ని సీసాలో పోసి "పురుగులు చస్తాయి" అని లేబుల్ అంటిస్తే పురుగుమందు కిందే లెక్క, రిజిస్ట్రేషన్ కావాలి. భారత్‌లో 1968 నాటి పురుగుమందుల చట్టంలోని 38వ సెక్షన్, ఇంటి అవసరానికీ పెరటి తోటకూ తాను సాగుచేసే భూమికీ వాడుకోవడాన్ని చట్టం పరిధి నుంచే తప్పించింది. అమెరికాలో వెల్లుల్లి, లవంగ నూనె లాంటివాటితో చేసిన మందులను కొన్ని షరతులతో రిజిస్ట్రేషన్ లేకుండానే అమ్ముకోవచ్చు. వేప నూనెకు ఆ వెసులుబాటు లేదు.

అలాగని ఈ భయం ఊరికే పుట్టిందీ కాదు. ఫ్రాన్స్‌లో 2006 జనవరి నాటి వ్యవసాయ చట్టం, అనుమతి లేని మందులను అమ్మడంతో ఆగకుండా ఫలానాది వాడమని సిఫారసు చేయడాన్నీ నిషేధించింది. ముట్టుకుంటే దురద పెట్టే నెటిల్ మొక్కను పులియబెట్టి తరతరాలుగా వాడుతున్న తోటమాలులకు ఒళ్లు మండింది. ఆ గొడవకు "నెటిల్ యుద్ధం" అనే పేరే పడింది. నోటిమాటగా చెప్పుకునే తయారీ పద్ధతి మీద కూడా ఆంక్ష పెట్టడం అతి అనే నేనంటాను. తర్వాత యూరోపియన్ యూనియన్ "మౌలిక పదార్థాలు" (ప్రధానంగా పురుగుమందులు కాకపోయినా మొక్కల రక్షణకు పనికొచ్చేవి) అనే తేలిక దారి తెరిచింది. 2014లో హార్స్‌టెయిల్ మొక్కకూ, 2017లో నెటిల్‌కూ ఆ దారిలోనే ఆమోదం దొరికింది.

అపోహ: మొక్క నుంచి తీసిందే కదా, ఏమీ కాదు.

వాస్తవం: పొగాకు కషాయాన్ని ఒకసారి గ్లౌజులు లేకుండా చేత్తో పిండాను. కాసేపటికే తల తిరిగి, వాంతులు. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుందని అప్పుడు నాకు తెలియదు. (పైగా పొగాకు కషాయంతో టమాటాకు, మిరపకు మొజాయిక్ అనే ఆకుమచ్చల తెగులు వైరస్ అంటుకునే ప్రమాదం కూడా ఉంది.) అమెరికా సేంద్రియ నిబంధనలు పొగాకు పొడిని పేరుపెట్టి మరీ నిషేధించాయి. డెర్రిస్ అనే తీగ వేళ్ల నుంచి వచ్చే రోటెనోన్ అనే పురుగుమందు కూడా మొక్కదే. చేపలు పట్టడానికి నీళ్లలో కలిపే విషం అది.

అపోహ: ఇదంతా కంపెనీల కుట్ర.

వాస్తవం: సగం కోపం న్యాయమే. రిజిస్ట్రేషన్‌కయ్యే పరీక్షల ఖర్చు కంపెనీలు భరించగలవు, బకెట్‌లో కషాయం కలిపేవాళ్లు భరించలేరు. మిగతా సగానికి కారణం కషాయంలోనే ఉంది. వేప గింజల్లో పురుగుల మీద పనిచేసే అజాడిరాక్టిన్ అనే పదార్థం చెట్టుని బట్టి, నిల్వని బట్టి మారుతుంది, ఎండకు త్వరగా విరిగిపోతుంది. నిన్న నేను చేసిన కషాయమూ ఇవాళ్టిదీ ఒకేలా ఉండవు. ప్రతి సీసాలో ఒకే మోతాదు ఉండాలనే నియమానికి అది ఎలా లొంగుతుంది?

అపోహ: సేంద్రియ సర్టిఫికెట్ ఉంటే ఏ కషాయమైనా వాడొచ్చు.

వాస్తవం: కాదు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థను ముందే అడగండి, ఇంట్లో చేసిందైనా సరే రికార్డులో రాయండి.