గొర్రెల పుండ్లలో పురుగులు: అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే పురుగు పట్టిన పుండ్లతో జీవాలు మా పశువైద్యశాలకు రావడం మొదలవుతుంది. పది, ఇరవై గొర్రెలు సాకే కుటుంబానికి ఒక్కటి పోయినా పెద్ద దెబ్బే. ఆలస్యంగా తేవడం, తెచ్చేలోపు పుండులో ఏదో ఒకటి పోయడం వల్లే చాలావరకు చేయి దాటిపోతున్నాయి.

అపోహ: పుండు కుళ్ళితేనే పురుగు పడుతుంది, కుళ్ళిన మాంసం తిని పుండును శుభ్రం చేస్తుంది.

వాస్తవం: మన దేశంలో ఈ బాధకు ముఖ్య కారణమైన క్రైసోమియా బెజ్జియానా అనే ఈగకు కుళ్ళుతో పని లేదు. ప్రాణమున్న ఒంటిమీద పచ్చి గాయం కావాలి, అంతే. గాయం అంచున వందకు పైగా గుడ్లు పెడుతుంది. ఒక రోజు తిరిగేలోపే అవి పొదిగి, పురుగులు బతికున్న కండను తొలుచుకుంటూ లోపలికి పోతాయి. పుండును వెలుతురులో పట్టి చూడండి. తలలు లోపలే ఉంటాయి, మనకు కనిపించేవి తోకలు. ఆ తోకల చివరి రంధ్రాలతోనే అవి గాలి పీలుస్తాయి. గొర్రె మందకు దూరంగా నిలబడి కాలు నేలకు కొడుతున్నా, ఒకే చోట కొరుక్కుంటున్నా, ఎక్కడైనా రక్తం కలిసిన నీరు కారుతున్నా వెంటనే పట్టుకుని చూడాలి.

అపోహ: ఇది ఉన్ని గొర్రెల సమస్య, ఉన్ని లేని నెల్లూరు జీవాలకు రాదు.

వాస్తవం: పేడతో, మూత్రంతో తడిసిన ఉన్నిలో ఈగ గుడ్లు పెట్టడం ఆస్ట్రేలియా మెరినో మందల్లో పెద్ద బెడద. మన దగ్గర గాయమే దారి. పిడుదు కుట్టిన చోటు, కుక్క కాటు, విరిగిన కొమ్ము మొదలు, గాలికుంటులో పగిలిన గిట్టల సందు, ఈనిన గొర్రె వెనుక భాగం, పుట్టిన పిల్ల బొడ్డు, వీటిలో ఏదైనా చాలు. ఉన్ని కత్తిరించే దక్కనీ గొర్రెలకైతే కత్తెర గాట్లు కూడా తోడవుతాయి. పిల్ల పుట్టగానే బొడ్డుకు టించర్ అయోడిన్ అద్దండి. పారుడుతో తోక కింద తడిస్తే కడిగి, అక్కడి బొచ్చు తీసేయండి. విత్తులు తీయించడం ఈగలు తగ్గే చలికాలానికి పెట్టుకోండి. చర్మం కోయకుండా పైనుంచే నొక్కే బర్డిజో పట్టకారుతో చేయిస్తే బయటికి గాయమే ఉండదు.

అపోహ: కిరోసిన్, ఫినాయిల్, పొలానికి కొట్టే మందు పోస్తే చచ్చిపోతాయి.

వాస్తవం: పురుగులతోపాటు కొత్తగా పూడుతున్న కండ కూడా కాలిపోతుంది. పొలం మందు పచ్చి పుండు నుంచి ఒంట్లోకి ఎక్కితే నోట నురుగు, వణుకు, చివరికి చావు. దయచేసి ఆ డబ్బాను దొడ్డి దరిదాపులకు తేవద్దు.

చేయవలసింది ఇది. పుండు చుట్టూ బొచ్చు కత్తిరించండి. టర్పెంటైన్ నూనెలో ముంచిన గాజుగుడ్డను పుండులో పెట్టి పది, పదిహేను నిమిషాలు ఉంచండి. గాలి ఆడక పురుగులు పైకి వస్తాయి. గుడ్డ తీసేసి ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటిగా ఏరండి. తర్వాత లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతో కడిగి, ఆరాక ఈగలు వాలకుండా చేసే ఆయింట్‌మెంట్ రాయండి, చుట్టూ వేపనూనె పూయండి. పుండు కన్ను, నోరు, జననాంగం దగ్గరుంటే టర్పెంటైన్ జోలికి పోకుండా డాక్టరుకు చూపించండి. సీతాఫలం ఆకు పసరును నేను కొట్టిపారేయను, కానీ లోతుగా దాక్కున్న పురుగులకు అది అందదు, కంట్లో పడితే కంటికే ప్రమాదం.

అపోహ: ఒక్క ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్‌తో పని అయిపోతుంది.

వాస్తవం: మంచి మందే. కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల చొప్పున, అంటే ఒక శాతం మందైతే 25 కిలోల గొర్రెకు అర మిల్లీలీటరు, చర్మం కింద వేస్తాం. చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది, బాగా ఎదిగినవి తప్పించుకోవచ్చు. అందుకే ఏరడం తప్పదు, పుండు పూడేదాకా రోజూ చూడటమూ తప్పదు. మాంసానికి అమ్మాలనుకుంటే, మందు వేశాక ఇన్ని రోజులు ఆగాలని సీసా మీద రాసిన గడువు దాటే వరకు ఆగండి. పుండు లోతుగా ఉన్నా, గొర్రె మేత మానేసినా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఇంకొక్క మాట, ఏరిన పురుగులను నేల మీద పారేయకండి. ఎదిగిన పురుగు మట్టిలోకి దూరి, వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో ఈగై లేస్తుంది. డబ్బాలో కిరోసిన్ పోసుకుని పక్కన పెట్టుకోండి, ఏరినవి ఏరినట్టు అందులో వేయండి.