'శూన్యం నుంచి సృష్టి': కొన్ని అపోహలు, వాస్తవాలు

దేవుడు లోకాన్ని శూన్యం నుంచి సృష్టించాడన్న సిద్ధాంతాన్ని తత్వశాస్త్రం క్లాసులో ఎత్తితే చాలు, చర్చ దేవుడున్నాడా లేడా అన్నదాని మీదికి మళ్లిపోతుంది. నాకైతే అసలు చిక్కు 'నుంచి' అనే చిన్న విభక్తిలో ఉందనిపిస్తుంది.

అపోహ: శూన్యాన్ని ముడిసరుకుగా చేసుకుని దేవుడు లోకాన్ని చేశాడన్నదే ఆ సిద్ధాంతం.

వాస్తవం: 'మట్టి నుంచి కుండ' అని విని విని, శూన్యం కూడా ఏదో పల్చటి మట్టి అనుకుంటాం. 11వ శతాబ్దంలోనే క్రైస్తవ తత్వవేత్త ఆన్సెల్మ్ ఈ ముడి విప్పాడు. ఆయన చూపిన పోలికను మన మాటల్లో పెడితే ఇలా ఉంటుంది. 'ఎందుకంత దిగులు?' అంటే 'ఏం లేదు' అంటాం. ఆ 'ఏం లేదు' దిగులుకు కారణం కాదు, కారణమే లేదని చెప్పడం. అలాగే ఇక్కడ కూడా అర్థం 'దేనితోనూ చేయలేదు' అనే. అంతమాత్రాన ఆక్షేపణ పోదు. నిమిత్త కారణం (చేసేవాడు) ఒక్కటే చాలా, ఉపాదాన కారణం (ముడిసరుకు) అక్కర్లేదా? ఇది గట్టి ప్రశ్నే.

అపోహ: నాసదీయ సూక్తం కూడా శూన్యం నుంచి సృష్టినే చెబుతుంది.

వాస్తవం: ఋగ్వేదంలోని ఈ సూక్తం (10.129) 'అప్పుడు అసత్తూ లేదు, సత్తూ లేదు' అంటుంది, అంటే లేనిదీ లేదు, ఉన్నదీ లేదు. శూన్యం ఉండేదని అనదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడనే ఋషి అయితే అసత్తు నుంచి సత్తు ఎలా పుడుతుందని నిలదీస్తాడు. నువ్వుల్లో నూనెలా కార్యం (పుట్టేది) కారణంలో ముందే ఉందంటారు సాంఖ్య దర్శనం వాళ్లు. నైయాయికులది, అంటే న్యాయ దర్శనం వాళ్లది, అసత్కార్యవాదం: పుట్టకముందు కార్యం కారణంలో లేదంటారు. ఈ పేరు చూసి బోల్తాపడే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కుండ కొత్తగా పుట్టిందంటారు గానీ, వాళ్లకూ పరమాణువులు నిత్యమే.

అపోహ: సృష్టి అంటే కాలంలో ఒక మొదలు ఉండి తీరాలి.

వాస్తవం: అక్కర్లేదు. అనాదిగా ఉన్న జగత్తు కూడా దేవుడి మీద ఆధారపడిన సృష్టే కావచ్చని 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్ వాదించాడు. మొదలు ఉందన్నది ఆయన దృష్టిలో విశ్వాసం చెప్పే మాట, తర్కం తేల్చేది కాదు.

అపోహ: ఈ తగవును సైన్స్ ఎప్పుడో తీర్చేసింది.

వాస్తవం: 1951లో పోప్ 12వ పయస్ ఆధునిక విశ్వశాస్త్రంలో సృష్టికి సాక్ష్యం చూశాడు. బిగ్ బ్యాంగ్ ఆలోచనకు ఆద్యుడైన లెమేత్ర్, స్వయానా క్రైస్తవ మతగురువు అయి ఉండి కూడా, ఆ ముడి వేయొద్దన్నాడు. అటువైపు 1982లో భౌతికశాస్త్రజ్ఞుడు విలెంకిన్, విశ్వం 'శూన్యం' నుంచి క్వాంటం పద్ధతిలో పుట్టే నమూనా ఇచ్చాడు. అందులో స్థలం లేదు, కాలం లేదు. క్వాంటం నియమాలు మాత్రం ఉన్నాయి. నియమాలున్న చోటును 'ఏమీ లేదు' అనొచ్చా అన్నదగ్గరే భౌతికశాస్త్రజ్ఞులకూ మా తత్వశాస్త్రం వాళ్లకూ ఇంకా పేచీ.