మాస్కోకు దూరంగా పనిచేసిన సోవియట్ నాటక దర్శకులు: అపోహలు – వాస్తవాలు

దర్శకత్వ పాఠాల్లో సోవియట్ రంగస్థలం ప్రస్తావన వచ్చినప్పుడల్లా విద్యార్థులు మాస్కో, లెనిన్‌గ్రాద్ దగ్గరే ఆగిపోతుంటారు. మిగిలిన ఊళ్ల దర్శకుల గురించి నేను తరచుగా వినే మాటలు కొన్నింటిని ఇక్కడ సరిచేయదలిచాను.

అపోహ: చిన్న ఊరికి వెళ్లిన దర్శకుడి ఎదుగుదల అక్కడితో ఆగిపోయినట్టే.

వాస్తవం: పారిస్‌లో ఫ్రెంచ్ నటుడు, దర్శకుడు షార్ల్ ద్యులాఁ దగ్గర నేర్చుకున్న యూజాస్ మిల్టినిస్, 1940లో, అప్పటికి సోవియట్ యూనియన్‌లో భాగమైన లిథువేనియాలోని పనెవెజీస్ అనే చిన్న పట్టణంలో నాటకశాల స్థాపించి, తాను తీర్చిదిద్దిన నటులతోనే ఇబ్సెన్, స్ట్రిండ్‌బెర్గ్, ఆర్థర్ మిల్లర్ నాటకాలు ఆడించారు. 1954లో ఆయనను పదవి నుంచి తప్పించారు. 1959లో తిరిగి వచ్చి 1980 వరకు కొనసాగారు. తార్కోవ్‌స్కీ తీసిన 'సొలారిస్' చిత్ర కథానాయకుడు దొనాతస్ బనియోనిస్ ఆ బృందంలోని నటుడే. పేరు వచ్చాక కూడా బనియోనిస్ ఆ ఊరి రంగస్థలాన్ని వదల్లేదు. ఒకే బృందంతో అన్నేళ్లు పనిచేయగలగడం ఎంత పెద్ద భాగ్యమో దర్శకులకు వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: నాటకశాలకు దర్శకుడే అధిపతి.

వాస్తవం: రష్యన్‌లో 'దిరెక్తోర్' అంటే పరిపాలన, జమాఖర్చులు చూసే అధికారి. నాటకాన్ని రూపొందించేవాడు 'రెజిస్యోర్'. ఈ ఇద్దరికీ పొసగకపోతే మూటాముల్లె సర్దుకోవలసి వచ్చేది తరచుగా రెజిస్యోరే.

అపోహ: సెన్సారు అంటే రాతప్రతిలో మాటలు కొట్టివేయడమే.

వాస్తవం: రాతప్రతికి అనుమతి దొరికినా, సిద్ధమైన ప్రదర్శనను అధికారులకు చూపించే 'స్దాచా' అనే ఘట్టం మిగిలే ఉండేది. దాదాపు ఖాళీగా ఉన్న హాలు, వరుసల మధ్య దర్శకుడి బల్ల, దానిమీద చిన్న దీపం. నవ్వవలసిన చోట నవ్వడానికి ప్రేక్షకులు లేరు, నోటు పుస్తకాలు పట్టుకున్న కొద్దిమంది అధికారులు తప్ప. ఆ తర్వాతి చర్చలో ముగింపు మార్చమనేవారు, సన్నివేశం తీసేయమనేవారు, కొన్నిసార్లు నెలల సాధన మొత్తం మూలపడేది. నా దృష్టిలో ఈ వృత్తిలోని అసలు భారం ఇదే. ఊరు చిన్నదా పెద్దదా అన్నది కాదు.

అపోహ: కొత్త నాటకాలు రాజధానిలో ఆడాకే మిగతా ఊళ్లకు వచ్చేవి.

వాస్తవం: సైబీరియాలోని ఇర్కుత్స్క్‌కు చెందిన రచయిత అలెక్సాందర్ వాంపిలోవ్ రాసిన 'జూన్‌లో వీడ్కోలు' 1966లో లిథువేనియాలోని క్లైపేదాలోనూ, 'పెద్ద కొడుకు' 1969లో ఇర్కుత్స్క్‌లోనూ తొలిసారి రంగమెక్కాయి. 1970లో అచ్చయిన 'బాతుల వేట' మాత్రం 1976లో గానీ ప్రదర్శనకు నోచుకోలేదు, అదీ లాత్వియాలోని రీగాలో. వాంపిలోవ్ 1972లోనే బైకాల్ సరస్సులో మునిగి చనిపోయారు.