జవాబు 2002లోనే దొరికింది: గోర్డన్ మెక్వీన్ కేసు వెనక కథ

గోర్డన్ మెక్వీన్ పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఈ స్కాట్లాండ్ మాజీ డిఫెండర్ 2023 జూన్ 15న, 70 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ మరణంపై విచారణ ముగించిన నార్త్ యార్క్‌షైర్ కరోనర్ (మరణానికి కారణం తేల్చే అధికారి), ఆడినన్నాళ్లూ బంతిని పదే పదే తలతో కొట్టడం అతని మెదడు దెబ్బతినడానికి ఒక కారణమని తేల్చారు. ప్రాణం తీసింది న్యుమోనియా. దాని వెనక ఉన్నవి రెండు జబ్బులు: రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) ఒకటి, తలకు పదే పదే తగిలే దెబ్బల వల్ల వచ్చే సీటీఈ ఇంకొకటి.

మెక్వీన్ ఏయే క్లబ్బులకు ఆడాడు, ఏ ట్రోఫీలు గెలిచాడు అన్నది ఎక్కడ వెతికినా దొరుకుతుంది. 1974లో లీడ్స్ యునైటెడ్‌తో లీగ్ టైటిల్, 1983లో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఎఫ్ఏ కప్, స్కాట్లాండ్ తరఫున 30 మ్యాచ్‌లు, 5 గోల్స్. అది అక్కడితో వదిలేద్దాం. బంతిని తలతో కొట్టడంపై ఇప్పుడు నడుస్తున్న గొడవ అర్థం కావాలంటే ముందు వేరే మనిషి కేసు దగ్గరికి వెళ్లాలి.

ఆ మనిషి జెఫ్ ఆస్టల్. వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ సెంటర్ ఫార్వర్డ్. తలతో గోల్స్ కొట్టడంలో ఆ కాలంలో ఆయనకు పెద్ద పేరు. 2002 జనవరిలో కూతురి ఇంట్లో, గొంతులో ముద్ద అడ్డుపడి చనిపోయారు. అప్పటికి వయసు 59. చివరి రోజుల్లో తాను ఫుట్‌బాల్ ఆడిన సంగతే ఆయనకు గుర్తు లేదు. అదే ఏడాది నవంబరులో కరోనర్ ఆండ్రూ హేగ్ తీర్పు చెప్పారు. ఇది వృత్తి వల్ల వచ్చిన జబ్బు అన్నారు. గనుల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి జబ్బు వస్తే ఏ మాట వాడతారో, ఒక ఫుట్‌బాలర్ మరణానికి ఆ మాటే వాడారు.

నా లెక్కలో కథ మలుపు తిరగాల్సింది అక్కడే. తిరగలేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, ఆటగాళ్ల సంఘం కలిసి పదేళ్ల పరిశోధన చేస్తామన్నాయి. కొందరు కుర్రాళ్లను ఎంచుకుని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వస్తామన్నాయి. ఆ కుర్రాళ్లు ఒక్కొక్కరే ఆట వదిలి వెళ్లిపోయారు, పరిశోధన చప్పుడు లేకుండా ఆగిపోయింది. ఫలితాలంటూ ఏమీ బయటికి రాలేదు. కుటుంబం అడుగుతూనే ఉంది. 2014లో గ్లాస్గోకు చెందిన న్యూరోపాథాలజిస్ట్ (మెదడు కణజాలం పరీక్షించి జబ్బు చెప్పే నిపుణుడు) విల్లీ స్టువర్ట్, భద్రపరచి ఉంచిన ఆస్టల్ మెదడును మళ్లీ పరీక్షించి, అది సీటీఈ అని చెప్పారు. బాక్సర్ల మెదళ్లలో కనిపించే జబ్బే ఇదీ. బతికున్న మనిషిలో దీన్ని ఖాయంగా చెప్పే పరీక్ష లేదు. పోయాక మెదడును పలుచటి ముక్కలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడితేనే తెలుస్తుంది. అందుకే ఈ తగాదాలో ప్రతి సాక్ష్యమూ మనిషి పోయాకే వస్తుంది.

2002 నవంబరు నాటికి మెక్వీన్‌కు యాభై ఏళ్లు. అంతకు ఏడాది ముందే మిడిల్స్‌బ్రో క్లబ్బులో కోచ్ పని వదిలాడు. ఆరోగ్యంగా ఉన్నాడు, గలగలా మాట్లాడేవాడు, తర్వాత టీవీలో విశ్లేషకుడిగానూ కూర్చున్నాడు. ఆస్టల్ తీర్పును ఆట పెద్దలు ఆరోజే సీరియస్‌గా తీసుకున్నా అప్పటిదాకా అతని తలకు జరిగింది వెనక్కి పోయేది కాదు. కానీ ఇలాంటి వాళ్లను ఏటా పిలిచి పరీక్షించి ఉండొచ్చు. కుటుంబాలకు ముందుగానే ఓ మాట చెప్పి ఉండొచ్చు. అదేమీ జరగలేదు.

ఇక మెక్వీన్ ఇంటి సంగతి. ఊరు కిల్‌బర్నీ. స్కాట్లాండ్ నైరుతిలో, ఎయిర్‌షైర్‌లో ఉన్న చిన్న పట్నం. తండ్రి టామ్ మెక్వీన్ కూడా వృత్తి ఫుట్‌బాలరే, గోల్‌కీపర్. హిబర్నియన్, బెర్విక్ రేంజర్స్, ఈస్ట్ ఫైఫ్, అక్రింగ్టన్ స్టాన్లీ జట్లకు ఆడాడు. కొడుకు కూడా చిన్నప్పుడు కొన్నాళ్లు తండ్రిలాగే గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాడు. తర్వాత వింగర్ అయ్యాడు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు ఎదిగాక, అంత పొడుగు మనిషిని ఎక్కడ నిలబెడతారో అక్కడే నిలబెట్టారు: సెంటర్ హాఫ్, అంటే డిఫెన్స్ మధ్యలో. అవతలి గోల్‌కీపర్ బలంగా తన్నిన బంతి గాల్లో ఎంత ఎత్తున వచ్చినా ఎగిరి తలతో వెనక్కి కొట్టడం ఆ స్థానంలో ఉన్నవాడి రోజువారీ పని. తండ్రి చేతులతో ఆపిన బంతుల్ని కొడుకు తలతో ఆపాడు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సెయింట్ మిరెన్‌లో రెండేళ్లు ఆడాక 1972లో లీడ్స్ అతన్ని 30,000 పౌండ్లకు కొనుక్కుంది. కొన్నది జాక్ చార్ల్‌టన్ స్థానం కోసం. ఇంగ్లండ్ 1966లో వరల్డ్ కప్ గెలిచిన జట్టులోని సెంటర్ హాఫ్ ఈ చార్ల్‌టనే, రిటైర్‌మెంట్‌కు దగ్గర పడ్డాడు. 1973 నాటికి ఆయన వెళ్లిపోయాడు, మెక్వీన్ కుదురుకున్నాడు. జాక్ చార్ల్‌టన్ 2020 జూలైలో చనిపోయినప్పుడు ఆయనకూ డిమెన్షియా ఉంది. ఒకే క్లబ్బు, ఒకే స్థానం, ఒకరి తర్వాత ఒకరు. ఇద్దరు మనుషుల్ని చూసి శాస్త్రం చెప్పలేమన్నది నిజమే. కానీ ఆ కాలం జట్ల ఫోటోలు తీసి పేర్లు చదువుతుంటే మనసు అదోలా అవుతుంది. మూడేళ్ల తర్వాత, 2023 అక్టోబరులో పోయిన జాక్ తమ్ముడు బాబీ చార్ల్‌టన్‌కూ డిమెన్షియానే.

స్కాట్లాండ్‌లో మెక్వీన్ అంటే ఈనాటికీ గుర్తొచ్చేది 1977 జూన్ 4. లండన్‌లోని వెంబ్లీలో ఇంగ్లండ్‌తో మ్యాచ్. ఏసా హార్ట్‌ఫర్డ్ ఫ్రీ కిక్ వేశాడు, మెక్వీన్ అందరికన్నా పైకి ఎగిరి తలతో గోల్ కొట్టాడు. తర్వాత కెనీ డాల్‌గ్లిష్ రెండోది కొట్టాడు. స్కాట్లాండ్ 2-1తో గెలిచింది. జనం మైదానంలోకి దూకి గడ్డి పెళ్లలు పీక్కుపోయారు, గోల్‌పోస్టులు విరిచారు. ఆ వీడియోను స్కాట్లాండ్ జనం యాభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు. అతన్ని హీరోని చేసిన గోల్ తలతో కొట్టిందే. ఇవాళ కరోనర్ కాగితం పక్కన పెట్టుకుని ఆ వీడియో చూడటం కష్టం.

మ్యాచ్‌లో ఎన్ని హెడర్లు (తలతో కొట్టే షాట్లు) కొట్టాడో వీడియో చూసి లెక్కపెట్టొచ్చు. ట్రైనింగ్‌లో కొట్టినవి లెక్కపెట్టినవాళ్లు లేరు. వారంలో ఒక రోజు మ్యాచ్, మిగతా రోజులు ప్రాక్టీసు. అసలు దెబ్బంతా అక్కడే తగిలి ఉంటుందన్నది కుటుంబాల వాదన. మెక్వీన్ ట్రైనింగ్ నుంచి తలనొప్పితో ఇంటికొచ్చేవాడని కుటుంబం చాలాసార్లు చెప్పింది. పెద్ద కూతురు హేలీ మెక్వీన్ టీవీలో ఫుట్‌బాల్ కార్యక్రమాలు నడిపే ప్రజెంటర్. ఆట మీద కోపం ఉన్న మనిషి కాదు, ఆ ఆటతోనే బతుకుతున్న మనిషి. అన్నేళ్లు బంతిని తలతో కొట్టడం తనకు మేలు చేసి ఉండదని తండ్రి తనతో అన్నట్టు ఆమె విచారణలో చెప్పారు. అతనిది ఫిర్యాదు చేసే స్వభావం కాదు. మళ్లీ పుట్టినా ఇదే ఆట ఆడేవాడని తెలిసినవాళ్లంటారు.

1978 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ దాదాపు అయిదు లక్షల పౌండ్లు పెట్టి అతన్ని కొంది. అప్పట్లో బ్రిటన్‌లో అది రికార్డు స్థాయి ధర. లీడ్స్ అభిమానులు చాలాకాలం క్షమించలేదు. ఆ ఏడాదే వరల్డ్ కప్‌కు అర్జెంటీనా వెళ్లాడు కానీ, అంతకు ముందే వేల్స్‌తో మ్యాచ్‌లో గోల్‌పోస్టుకు గుద్దుకుని గాయపడటంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. యునైటెడ్‌కు 229 మ్యాచ్‌లు ఆడి 26 గోల్స్ కొట్టి, 1985లో హాంకాంగ్ క్లబ్బుకు వెళ్లాడు. అంటే పెద్ద స్థాయిలో ఆడింది సుమారు పదిహేనేళ్లు. ఈ అంకె కూడా తర్వాత పనికొస్తుంది.

2019 అక్టోబరులో విల్లీ స్టువర్ట్ బృందం గ్లాస్గో నుంచి ఒక అధ్యయనం బయటపెట్టింది. 7,676 మంది స్కాట్లాండ్ మాజీ వృత్తి ఫుట్‌బాలర్ల రికార్డులను సుమారు 23,000 మంది మామూలు జనం రికార్డులతో పోల్చారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ముప్పు ఫుట్‌బాలర్లలో మూడున్నర రెట్లు ఎక్కువ. 2021లో అదే డేటాను ఇంకా లోతుగా చూశారు. డిఫెండర్లలో ముప్పు దాదాపు అయిదు రెట్లు. గోల్‌కీపర్లలో మాత్రం మామూలు జనంతో పెద్ద తేడా లేదు. కెరీర్ ఎంత పొడుగైతే ముప్పు అంత ఎక్కువ, పదిహేనేళ్లు దాటితే అయిదు రెట్లదాకా. టామ్ మెక్వీన్ గోల్‌కీపర్, గోర్డన్ డిఫెండర్, ఆడింది పదిహేనేళ్లు. ఒక ఇంట్లోని తండ్రీ కొడుకుల ప్లేయింగ్ పొజిషన్లు తీసుకెళ్లి ఆ పట్టికలో పెడితే, ఆ ఇంటి కోసమే పట్టిక గీశారా అనిపిస్తుంది.

నీళ్లు పీల్చి బరువెక్కే ఆనాటి తోలు బంతులదే తప్పు, ఇప్పటి బంతులతో ఆ భయం లేదు అన్న మాట ఒకటి ఎప్పటినుంచో తిరుగుతోంది. పొడిగా ఉన్నప్పుడు అప్పటి బంతీ ఇప్పటి బంతీ ఒకే బరువు, 410 నుంచి 450 గ్రాములు. పైగా ఇప్పటివి ఇంకా వేగంగా వస్తాయి. ఆటగాళ్లు ఏ దశాబ్దంలో పుట్టారన్నదాన్ని బట్టి ముప్పు మారలేదని కూడా 2021 అధ్యయనమే చెప్పింది.

ఆట నడిపేవాళ్ల వైపు మాట కూడా చెప్పాలి. గ్లాస్గో అధ్యయనానికి డబ్బు ఇచ్చింది ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, ఆటగాళ్ల సంఘమే. అది రెండు గుంపుల్ని పోల్చిన అధ్యయనమే తప్ప హెడరే కారణమని నేరుగా రుజువు చేసింది కాదని వాళ్లంటారు. 70 ఏళ్ల లోపు చూస్తే మాజీ ఫుట్‌బాలర్లు మామూలు జనం కన్నా తక్కువగానే చనిపోయారు, గుండె జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు వాళ్లలో తక్కువ. ఇదీ ఆ అధ్యయనంలోదే. మెక్వీన్ విషయానికొస్తే అతనికి రక్తనాళాల డిమెన్షియా కూడా ఉంది, 2011లో గొంతు క్యాన్సర్‌తోనూ పోరాడాడు. ఏది ఎంత అని విడదీసి చెప్పడం తేలిక కాదన్నది నిజం. అయితే కరోనర్ అడగాల్సిన ప్రశ్న అది కాదు. హెడర్ల పాత్ర ఉండి ఉంటుందా, లేదా? ఉండే అవకాశమే ఎక్కువ అన్నారు.

ఇంగ్లండ్‌తో పోలిస్తే స్కాట్లాండ్ కాస్త ముందే కదిలింది. దానికి ఒక కారణం అమాండా కోపెల్. ఆమె భర్త ఫ్రాంక్ కోపెల్ డండీ యునైటెడ్‌కు ఏళ్ల తరబడి ఆడిన డిఫెండర్. అరవై నిండకముందే డిమెన్షియా వచ్చింది. ఇంట్లో సంరక్షణ ఉచితంగా అందాలంటే అప్పట్లో 65 నిండాలి. ఆయన 2014లో, 65 నిండిన కొద్ది రోజులకే పోయారు. ఆమె వదల్లేదు. 2019 ఏప్రిల్ నుంచి ఆ వయసు నిబంధన పోయింది. జనం దాన్ని ఫ్రాంక్ చట్టం అనే పిలుస్తారు. 2020లో పన్నెండేళ్ల లోపు పిల్లలకు ట్రైనింగ్‌లో హెడర్లు ఆపేశారు. 2022 నవంబరులో పెద్దల వృత్తి ఆటకూ నిబంధన వచ్చింది: మ్యాచ్‌కు ముందు రోజు, తర్వాత రోజు ట్రైనింగ్‌లో హెడర్లు కొట్టకూడదు.

తమ తండ్రికి డిమెన్షియా అని మెక్వీన్ కుటుంబం బయటపెట్టింది 2021 ఫిబ్రవరిలో. మా నాన్నకు ఎలాగూ ఆలస్యమైపోయింది, పిల్లలకైనా తెలియాలి అన్నది ఆ ప్రకటన సారాంశం. అతనికి తన కెరీర్ గురించి బాధ లేదని కూడా అందులోనే చెప్పారు. పోయాక మెదడును పరీక్షించింది మళ్లీ విల్లీ స్టువర్టే. 2014లో ఆస్టల్ మెదడులో ఏం చూశారో ఇందులోనూ అదే కనిపించింది. 2002లో తండ్రి కోసం నిలబడిన డాన్ ఆస్టల్ ఒక కూతురు, ఇప్పుడు హేలీ ఇంకో కూతురు. మధ్యలో ఇరవై ఏళ్లకు పైనే గడిచాయి.

ఈ తీర్పుతో ఎవరికీ శిక్ష పడదు. చావుకు కారణం ఏమిటో చెప్పడమే కరోనర్ పని, బాధ్యులెవరో తేల్చడం కాదు. ముప్పు సంగతి తెలిసి కూడా ఆట పెద్దలు ఆటగాళ్లను కాపాడలేదంటూ కొందరు మాజీ ఫుట్‌బాలర్లు, చనిపోయినవాళ్ల కుటుంబాలు ఇంగ్లండ్ హైకోర్టులో వేసిన దావా వేరే నడుస్తోంది. ఆ వాదన అంతా నిలబడేది ఒక్క ప్రశ్న మీద: వాళ్లకు ఎప్పుడు తెలిసింది? కుటుంబాల తరఫున మొదట చూపించే తేదీల్లో 2002 నవంబరు ఒకటి.