బ్రేక్ వేస్తే ఒక్క చక్రమే ఎందుకు పట్టేస్తుంది?

ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ బ్రేకులు ఉండి ఏబీఎస్ (చక్రం పట్టేయకుండా బ్రేకును తనంతట తానే సడలించే ఏర్పాటు) లేని పాత చిన్న కార్లు మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నాయి. గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు వాటిలో వెనక చక్రం ఒకటి పట్టేసి, తిరగకుండా కీచుమంటూ ఈడ్చుకుపోతుంది. ఇది చిన్న విషయం కాదు. తిరగని టైరుకు పక్కకు జారకుండా నిలబెట్టే పట్టు దాదాపు ఉండదు, కారు వెనక భాగం గిర్రున తిరిగిపోవచ్చు. వెంటనే ఆ చక్రం విప్పి చూడాలనిపిస్తుంది. కానీ తప్పు దానిదే కానక్కర్లేదు.

పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌లో పుట్టే ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుంది. 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. కాబట్టి మామూలుగా వెనక చక్రాలు రెండింటికీ అందే ఒత్తిడి ఒకటే. అయినా ఎడమది పట్టేసి కుడిది తిరుగుతోందంటే, ఎడమ బ్రేక్ అతిగా పట్టుకుంటోందా, కుడిది అసలు పనిచేయడం లేదా అని రెండు వైపులా చూడాలి.

ముందు చక్రాల్నీ వదలకూడదు. బ్రేక్ వేయగానే బరువు ముందుకు పడి, వెనక టైర్లు తేలికవుతాయి. అందుకే వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించడానికి చాలా కార్లలో ఒక వాల్వ్ ఉంటుంది. ముందు కాలిపర్‌లో (డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే భాగం) పిస్టన్ తుప్పుపట్టి కదలకపోతే కారు అనుకున్నంతలో ఆగదు, డ్రైవర్ ఇంకా గట్టిగా తొక్కుతాడు. ఆ అదనపు ఒత్తిడికి తేలికైన వెనక చక్రం ముందే పట్టేస్తుంది. వాల్వ్ పాడైనా ఇదే జరుగుతుంది.

ఇక నిజంగా ఆ డ్రమ్‌లోనే లోపం ఉంటే, తిరిగే డ్రమ్ ఒక బ్రేక్ షూను (డ్రమ్ లోపలి గోడకు ఒత్తుకునే వంపు ముక్కను) తనలోకి లాక్కుంటుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. దానివల్ల షూ మీద ఉండే పొర, అంటే లైనింగ్, రాపిడి కాస్త పెరిగినా బ్రేక్ బలం చాలా పెరుగుతుంది. షూలను తోసే వీల్ సిలిండర్ నుంచి ఆయిల్ కారి లైనింగ్ తడిస్తే చక్రం జారాలి కదా అనుకుంటాం. ఒక్కోసారి అది జిగటగా మారి ఒక్కసారిగా పట్టేస్తుంది. అలాంటి షూలను కడిగి మళ్లీ వాడటం నాకు అసలు నచ్చదు. కారడం ఆపి, రెండు వైపులా కొత్తవి వేయాలి. విరిగిన స్ప్రింగు, అతిగా బిగించిన హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా కారణాలే.

పెడల్ వదిలినా చక్రం వదలకపోతే అది వేరే జబ్బు. సమతలంగా ఉన్న చోట మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, కారు జాకీ మీదే ఆగకుండా స్టాండు పెట్టి, చక్రం తిప్పి చూడాలి. బిగుసుకుని ఉంటే బ్లీడింగ్ నిపుల్ (బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) కాస్త వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే ఒత్తిడి ఎక్కడో ఇరుక్కుందన్నమాట. చక్రానికి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ లోపలి పొర ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానివ్వకపోవడం తరచూ కనిపించే కారణం, పైకి హోస్ బాగానే ఉంటుంది. నిపుల్ వదిలినా తిరగకపోతే పిస్టనో, కాలిపర్ పిన్నులో, హ్యాండ్ బ్రేక్ కేబులో బిగుసుకుంది.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. ఏబీఎస్ ఉన్నా చక్రం పట్టేస్తూ డాష్‌బోర్డులో దాని లైటు వెలుగుతుంటే, ముందు వీల్ స్పీడ్ సెన్సరు, వైరింగ్ చూడాలి. లైటు ఆరి ఉండి, కారు నడకంత నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మాత్రమే చక్రం పట్టేస్తే కంగారు అక్కర్లేదు, ఆ వేగంలో ఏబీఎస్ కలగజేసుకోదు.